వేడెక్కిన లారీ, మొరాయించు సెల్ఫు

యాసంగి వడ్లు కల్లములనుండి కదలు చైత్ర వైశాఖములలో, రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలమునందు లారీకి దొరకునంత మర్యాద పెండ్లికొడుకునకు సైతము దొరకదు. కొనుగోలు కేంద్రమువద్ద తూకము ముగిసి, సంచులకెక్కి, అకాలవర్షభయముచే టార్పాలినుల క్రింద దాగియున్న ధాన్యము మిల్లు చేరి దిగుమతి యగువరకు రైతు కంటికి కునుకుండదు. అట్టి దినములలో మిల్లు గేటు ముందు లారీల వరుస గజము గజముగా ముందునకు జరుగుచుండ, నడుమనున్న పాతబండి యొకటి ఉన్నట్టుండి మొండికేయును. తెల్లవారుజామున ఒక్క త్రిప్పునకే మేల్కొని, ఏ పేచీయు లేక పది క్రోసులు నడచివచ్చిన ఇంజను, మిట్టమధ్యాహ్నము పావుగంట ఆపి మరల తాళము త్రిప్పగానే 'టక్కు'మని యొక చప్పుడు చేసి ఊరకుండును. వెనుక బండ్ల హారనులు మ్రోగును. క్లీనరు సుత్తె పుచ్చుకొని బండి క్రిందికి దూరును. "అన్నా, సెల్ఫు ఎత్తుకుంటలేదు" అను కేక క్రిందినుండి వినవచ్చును. అరగంట గడచి, చాయ తాగి, బీడీ కాల్చి మరల ఎక్కునప్పటికి, ఎవరేమియు చేయకున్నను అదే బండి చక్కగా స్టార్టగును.

ఈ రోగమునందలి చిక్కంతయు ఇక్కడనే యున్నది. వైద్యునియొద్దకు పోవునప్పటికి రోగము మాయమగును. సాయంకాలము చల్లబడిన బండిని షెడ్డుకు తోలుకొనిపోయిన, మేస్త్రి తాళము త్రిప్పును, ఇంజను పలుకును, "మంచిగనే ఉన్నది గదనే" అని ఆయన నవ్వును. యజమాని విసిగి, సెల్ఫు మోటారును విప్పించి, వేల రూపాయలు పోసి మరియొకటి వేయించును. వారము దినములకు అదే ఎండలో అదే వరుసలో అదే 'టక్కు' మరల వినబడును. వేడిలో మాత్రమే మొరాయించు సెల్ఫులలో అనేకములు నిజమునకు చెడినవి కావనియు, వానికి చేరవలసిన విద్యుత్తు దారిలో కొంచెము కొంచెముగా ఖర్చగుటచే నీరసించినవనియు, మోటారును మార్చుటకు ముందు దారిని కొలిచిన యజమాని చాలమారులు డబ్బు మిగుల్చుకొనుననియు ఈ వ్యాసమునందు నేను చెప్పదలచిన మాట.

ఈ ప్రాంతమునందు ఈ బెడద హెచ్చుగా కనబడుటకు కారణము లేకపోలేదు. ఇచటి సరకులలో పెక్కు ఎండకాలమునందే కదలును. జగిత్యాల చల్‌గల్ మార్కెట్టునుండి మామిడి ఉత్తరాదికి బయలుదేరునది ఏప్రిల్, మే నెలలలోనే. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల పసుపు నిజామాబాదు యార్డునకు పోవునప్పటికి ఎండలు ముదరనారంభించును. కరీంనగరము చుట్టుపట్ల గుట్టలను తొలిచి తీసిన గ్రానైటు బండలకును, సిరిసిల్ల మరమగ్గములమీద నేసిన బట్టకును ఋతుభేదము లేదు. మేనెలలో జగిత్యాల వైపు 45 డిగ్రీలు దాటుట వింతగాదు. మాన్వాడవద్ద మానేరునకు అడ్డముగా కట్టిన మధ్యమానేరు జలాశయము దాపున నిలిచినను గాలిలో సెగ తగ్గదు. ఈ ఎండలో ధర్మకాంటా వద్ద ఒకమారు, కేంద్రమువద్ద ఒకమారు, మిల్లువద్ద పదిమారులు ఆపుచు తీయుచు నడుపవలసిన బండ్లలో, ఎన్నడో కొన్న టాటా 1210లు, 1612లు, లేలాండు కామెట్లు, 407లు, డీసీఎంలు నేటికిని కానవచ్చుచున్నవి. నిలుకడలేని వాడుక, నిప్పులు చెరుగు ఎండ, ముదిసిన తీగలు అను మూడును కలిసినచోట ఈ తెగులు పుట్టును.

సెల్ఫు అనునది స్వభావముచేతనే అల్పకాలిక శ్రామికుడు. పూర్వము ఇంజను ముందు నిలిచి ఇనుప హ్యాండిలు త్రిప్పి స్టార్టు చేయవలసినప్పుడు, అది ఎదురుతిరిగి చేతులు విరుగగొట్టిన సందర్భములు లోకమునందు కొల్లలు. అమెరికాదేశీయుడగు చార్లెస్ కెటరింగు, డేటన్ నగరమున నగదు యంత్రముల కర్మాగారమునందు పనిచేయు దినములలో, దుకాణపు గల్లాపెట్టెను విద్యుత్తుచే నడిపించుటకై ఒక చిన్న మోటారును కూర్చెను. కొన్ని క్షణములు మాత్రమే పనిచేసి విశ్రమించు మోటారు పెద్దదై యుండనక్కరలేదనియు, చిన్నదానినే ఆ కొద్దిసేపు దాని శక్తికి మించి పనిచేయింపవచ్చుననియు ఆయన గ్రహించెను. ఆ యూహయే 1912 సంవత్సరపు కాడిలాక్ కారునందు విద్యుత్ స్టార్టరుగా అవతరించినది. నేటి లారీక్రిందనున్న సెల్ఫు దాని సంతతిలోనిదే. తన దేహమునకు మించిన బరువును పది సెకనులు మోయుటకు పుట్టినదగుటచే, వేడి దానికి సహజశత్రువు. దానిలో వేడిని వెలికిపంపు ఏర్పాటు దాదాపు లేదు.

ఇక వేడి చేయు పనియేమో చూతము. రాగితీగ వేడెక్కినకొలది విద్యుత్తునకు ఎక్కువగా అడ్డుపడును. ఒక్కొక్క డిగ్రీకి ఈ నిరోధము నూటికి దాదాపు 0.4 వంతున పెరుగును. ఉదయము 30 డిగ్రీలయందున్న సాలినాయిడు (సెల్ఫును పనికి దింపు విద్యుదయస్కాంతము) చుట్ట మధ్యాహ్నము 110 డిగ్రీలకు చేరిన, దాని నిరోధము రమారమి నూటికి 30 వంతులు హెచ్చును. అనగా అందులో పారు ప్రవాహము నాలుగింట మూడు పాళ్లకు పడిపోవును. అయస్కాంతముయొక్క లాగుడుబలము సుమారుగా ప్రవాహపు వర్గమును అనుసరించును గనుక, ఆ బలము ఉదయమున్నదానిలో నూటికి అరువది వంతులకు దిగజారును. సాలినాయిడు చేయవలసిన పని స్వల్పము గాదు. స్ప్రింగును అణచి, పళ్లచక్రమును ముందుకు నెట్టి ఫ్లైవీలు రింగునకు తగిలించుటయే గాక, తన వెనుకనున్న రాగిబిళ్లను రెండు బోల్టులకు గట్టిగా అదిమి మోటారునకు కరెంటు నందియ్యవలయును. నూటికి అరువది వంతుల బలముతో ఈ పని క్రొత్త బండిలో నెరవేరవచ్చును, పాతబండిలో నెరవేరదు. ఏలయన పాతబండిలో ఆ చుట్టకు పండ్రెండు వోల్టులకు బదులు పదియో తొమ్మిదిన్నరయో మాత్రమే అందుచుండును.

మరి బండి నడుచుచున్నంతసేపు లేని వేడి ఆపినతరువాత ఎట్లు వచ్చెనని సందేహము కలుగవచ్చును. నడుచునప్పుడు ఫ్యాను గాలి, రేడియేటరు నీరు, బండి చలనము మూడును వేడిని తరుముచుండును. తాళము తీసిన మరుక్షణమున ఆ మూడును ఆగిపోవును, ఇనుములో నిండియున్న వేడి మాత్రము ఆగదు. సైలెన్సరు గొట్టమునుండి, ఇంజను దిమ్మెనుండి అది మెల్లగా ప్రక్కనున్న భాగములకు ప్రాకును. అందుచేత సెల్ఫు అత్యధికముగా కాగునది బండి పరుగులో కాదు, ఆగిన తరువాత పది ఇరువది నిమిషములకు. చాయ తాగివచ్చువేళకు సరిగా ఆ ముహూర్తమే యగును. అరగంట, ముప్పావుగంట దాటిన పిదప వేడి తగ్గుముఖము పట్టును గనుక బండి తానే బాగైనట్లు నటించును.

అనుభవముగల మేస్త్రి మీటరు తీయకముందే చెవితో సగము పని పూర్తిచేయును. తాళము త్రిప్పినపుడు ఏ చప్పుడును లేకున్న, సాలినాయిడువరకు వార్తయే చేరలేదని అర్థము. తాళపు స్విచ్చునో, దానినుండి వచ్చు సన్నని తీగనో వెదుకవలయును. ఒక్కటే 'టక్కు' గట్టిగా వినబడి ఊరకున్న, సాలినాయిడు లాగినదిగాని మోటారు తిరుగలేదు. రాగిబిళ్ల కాలిపోయియుండవచ్చును, మోటారులోనికి కరెంటును చేర్చు కార్బనులు అరిగియుండవచ్చును, లావుతీగల అతుకు వదులైయుండవచ్చును. 'టకటకటక' మని వడిగా కొట్టుకొనుచున్న, బ్యాటరీ చిక్కినదనియో, సాలినాయిడులో పట్టియుంచు చుట్ట తెగినదనియో భావింపవలయును. ఇంజను మూల్గుచు బరువుగా తిరిగిన, దారిలో కరెంటు పోవుచున్నది, లేదా సెల్ఫు లోపల ఏదియో ఒరయుచున్నది. మోటారు గిర్రున తిరిగియు ఇంజను కదలకున్న, అది పళ్లచక్రపు జబ్బు; వేడితో దానికి పెద్ద సంబంధము లేదు. సెల్ఫు చురుకుగా ఇంజనును త్రిప్పుచుండియు డీజిలు అంటుకొనకున్నచో ఈ వ్యాసముతో పనియే లేదు. అరిగిన పంపులో వేడెక్కి పలుచనైన డీజిలు సందులనుండి కారిపోవుటచే ఆ బాధ కలుగును. పంపుమీద తడిగుడ్డ వేసినంతనే బండి స్టార్టయిన పక్షమున పంపును విప్పింపవలసినదే.

చెవి చెప్పిన దానిని మీటరుచే స్థిరపరుపవలయును. ఈ పరీక్షను మన షెడ్లలో చేయువారు తక్కువ. చేసినచోట వృథావ్యయము తగ్గును. దీనికి మూడు నాలుగు వందల రూపాయల మీటరును, తాళము త్రిప్పుటకు ఇంకొక మనిషియును చాలును. బండి వేడిగానున్నప్పుడు, మొరాయించుచున్నప్పుడే దీనిని చేయవలయును. చల్లబడిన తరువాత చేసిన కొలతకు విలువ లేదు. మీటరు ఎఱ్ఱముల్లును బ్యాటరీ ప్లస్సు సీసపుగూటముమీదనే ఆనింపవలయును, దానిని పట్టియున్న క్లాంపుమీద కాదు. నల్లముల్లును సెల్ఫునందలి లావుబోల్టుమీద ఆనింపవలయును. తాళము త్రిప్పకమునుపు మీటరు సున్న చూపును. త్రిప్పి, మోటారు కరెంటును లాగుచున్నపుడు ఆ రెండు స్థానముల నడుమ ఎన్ని వోల్టులు కనబడునో, అన్ని వోల్టులు దారిలోనే హరించుకుపోయినవని గ్రహింపవలయును. 12 వోల్టుల బండిలో ఇది అరవోల్టు దాటరాదు. రెండు బ్యాటరీలు వరుసగా కలిపిన 24 వోల్టుల పెద్ద లారీలలో ఒక వోల్టువరకు సహింపవచ్చును. పిమ్మట ఒక ముల్లును సెల్ఫు ఇనుపదేహముమీదను, రెండవదానిని బ్యాటరీ మైనస్సు గూటముమీదను పెట్టి అదే విధముగా చూడవలయును. ఇచట 12 వోల్టుల బండికి పావువోల్టుకు మించి పోయిన ఎర్తు చెడినదని నిశ్చయము.

ఇంత అల్పమైన అంకెలకు ఇంత ప్రాధాన్యమేలయని తలచువారు ఒక్క లెక్క వేసికొందురు గాక. లారీ సెల్ఫు బరువు మోయునప్పుడు మూడు నాలుగు వందల ఆంపియర్లు లాగును. దారిలో ఎక్కడనైన ఒక ఓమ్‌లో వెయ్యవవంతు నిరోధము చేరినను, 400 ఆంపియర్లవద్ద 0.4 వోల్టు అచ్చటనే ఆవిరియగును. అట్టి అతుకులు నాలుగున్న ఒకటిన్నర వోల్టు మాయము. వెయ్యవవంతు ఓమ్ అనగా కంటికి కనబడనంతటి తుప్పు పొర.

ఆ పొర సాధారణముగా ఎచ్చట నుండునో చెప్పెదను. ఇంజనును ఛాసిసుతో కలుపు అల్లిక ఎర్తుపట్టీని విప్పి చూడుడు. పైకి నల్లని గ్రీజు, దుమ్ము పట్టి గట్టిగానే కనబడును. బోల్టు తీసి తగరపు తలను త్రిప్పినప్పుడు, ఛాసిసుకు ఆనిన ముఖముమీద ఆకుపచ్చని చిలుమును, దానిక్రింద ఎఱ్ఱని తుప్పును, ఆ నడుమ ఎప్పుడో రంగులు వేయించినపుడు పడిన నీలిరంగు పొరయును కానవచ్చును. పట్టీలోని పోగులలో సగము తెగి వేలాడుచుండును. మిగిలిన సగముమీదుగా మూడువందల ఆంపియర్లు పోవలసియున్నవి! వైరుబ్రష్షుతో, గరుకు కాగితముతో ఇనుము తళతళలాడువరకు గీకి, క్రొత్త పట్టీ వేసి, బిగించిన పిదప పైన గ్రీజు పూయవలయును, క్రింద కాదు. వీలైనచో బ్యాటరీ మైనస్సునుండి సెల్ఫు బిగించు బోల్టునకే నేరుగా ఒక లావుతీగ లాగుట ఉత్తమము. లారీకి రంగులు వేయించి, పూలు, పక్షులు, దేవతల పేర్లు వ్రాయించు యజమానులు పెయింటరునకు ఈ ఎర్తు బోల్టును గుడ్డతో చుట్టుమని చెప్పుట మరచిపోవుదురు.

బ్యాటరీల నడుమనున్న కలుపుతీగ కూడ అనుమానింపదగినదే. జంటలో ఒకటి క్రొత్తదియు ఒకటి పాతదియునై యున్నపుడు, పాతది క్రొత్తదానిని కూడ క్రిందికి లాగును. ఒకదానినే మార్చి మిగుల్చుకొన్న సొమ్ము మిగిలినట్లు కాదు. ఎండకాలమున నీరు ఎక్కువగా ఇగిరిపోవును గనుక పక్షమునకొకమారైన డిస్టిల్డువాటరు చూడవలయును. సెల్ఫు కొట్టునప్పుడు 12 వోల్టుల బ్యాటరీ 9.6కు దిగువకు పడిన, తక్కిన పరీక్షలన్నియు ఆపి మొదట బ్యాటరీని బాగుచేయించుట యుక్తము.

లావుతీగలు శుద్ధముగానున్నను బండి మొరాయించుచున్న పక్షమున, తాళము నుండి సాలినాయిడునకు వచ్చు సన్నని తీగను పరీక్షింపవలయును. ఈ తీగ బ్యాటరీనుండి డ్యాషుబోర్డునకు ఎక్కి, తాళపు స్విచ్చులో దూరి, మరల ఇంజను ప్రక్కకు దిగివచ్చును. దాని నిడివి ఎక్కువ, మందము తక్కువ, నడుమ అతుకులు లెక్కలేనన్ని. సాలినాయిడు లాగు తొలిక్షణమున ముప్పది నలువది ఆంపియర్లు సైతము కోరును. ఏండ్ల తరబడి ఆ భారమును మోసిన స్విచ్చులోని రాగిబొట్లు నల్లబడియుండును. బ్యాటరీలో పండ్రెండున్నర యుండ సాలినాయిడు చిన్నబోల్టువద్ద తొమ్మిదే కనబడెనా, రోగము దొరికినట్లే. దీనికి మందు రిలే. తాళపుతీగను రిలేకు కలిపి, రిలేనుండి సాలినాయిడునకు, బ్యాటరీనుండి రిలేకు ఫ్యూజుతో కూడిన పొట్టి లావుతీగలను వేసినయెడల, తాళము ఇక ఆజ్ఞ మాత్రమే ఇచ్చును, బరువును మోయదు. 24 వోల్టుల బండికి 24 వోల్టుల రిలేయే, అంత కరెంటును మోయగలదే కావలయును. అమెరికాలో పాత ట్రక్కుల ప్రియులు సెల్ఫునకు దూరముగా మరియొక సాలినాయిడు బిగించి ఇదే ఫలితమును చాలకాలముగా పొందుచున్నారు. ఈ చిన్న పని చేయించిన తరువాత మరల సెల్ఫు జోలికి పోనవసరము లేకపోయిన బండ్లు అనేకములు. నా అభిప్రాయములో పాత లారీకి చేయదగిన మరమ్మతులలో ఇంత చవుకయై ఇంత ఫలమిచ్చునది వేరొకటి లేదు.

ఇవన్నియు సరిగానుండి వేడిలో మోటారే బరువెక్కుచున్న, అప్పుడు సెల్ఫును దింపవచ్చును. లోపల ఇరుప్రక్కల ఇరుసును మోయు బుష్షులు అరిగినప్పుడు, వేడికి వ్యాకోచించిన ఆర్మేచరు ప్రక్కకు ఒరిగి ఫీల్డు దిమ్మెలను రాచుకొనును. విప్పిన ఆర్మేచరుమీద ఒక ప్రక్క వెండిగీతవలె మెరయుచున్న ఒరపిడి జాడ కనబడెనేని మరి వాదము లేదు, బుష్షులు మార్చవలసినదే. కార్బనులు పొట్టివైయున్న వానిని మార్చవలయును. సుత్తెతో రెండు దెబ్బలు వేసినప్పుడు సెల్ఫు తిరుగుటకు రహస్యము సాధారణముగా ఈ కార్బనులే: అదటుకు అవి కొంచెము కదలి ఆర్మేచరును తాకును. రెండుమూడుమారులు ఫలించిన సుత్తె నాలుగవమారు కేసింగునే పగులగొట్టును. పాత బండ్ల సెల్ఫులకు సామానులు దొరకుట మనదేశమున కష్టము కాదు; 1961లో చెన్నైనగరపు పాడిలో స్థాపితమైన లూకాస్ టీవీఎస్ సంస్థ ఈ పరికరములను నాటినుండి తయారుచేయుచుండుటచే, బుష్షులు, కార్బనులు, సాలినాయిడులు జిల్లాకేంద్రముల దుకాణములలో కూడ లభించును. సైలెన్సరు గొట్టము దాపుననే సెల్ఫు అమర్చిన బండ్లలో, రెండింటి నడుమ గాలి ఆడునట్లు సందు వదలి ఒక రేకుపలక బిగించుట మంచిది. కొన్ని బండ్లు కొన్నప్పుడు దీనితోనే వచ్చినవి. ఏదో ఒక మరమ్మతులో విప్పిన మేస్త్రి మరల బిగింపక మూలకు విసరివైచియుండును.

కాగిన సెల్ఫుమీద చన్నీళ్లు కుమ్మరించుట కొందరికి అలవాటు. నీరు లోపలికి దూరి కార్బనులను, చుట్టలను పాడుచేయును. బండి తీయకపోగా తాళమును వదలక నిమిషముల తరబడి పట్టుకొనుట మరియు ప్రమాదకరము. పది సెకనులకు మించి త్రిప్పక, అరనిమిషమైన ఆగి మరల త్రిప్పవలయును. లేనిచో అప్పటివరకు బాగున్న ఆర్మేచరు నిజముగనే కాలిపోవును, సెల్ఫే చెడినదను అనుమానము నిజమగును.

చివరకు డ్రైవరులకు, క్లీనరులకు ఒక్క మనవి. బండి తీయనపుడు క్రిందికి దూరి, సాలినాయిడు బోల్టులమీద స్క్రూడ్రైవరు అడ్డముపెట్టి నేరుగా స్టార్టు చేయుట మన రోడ్లమీద నిత్యము జరుగుచున్నది. గేరులో ఉండగా అట్లు చేసినయెడల, ఇంజను పట్టుకొన్న మరుక్షణమున బండి క్రిందనున్నవానిమీదుగానే ముందుకు కదలును. పైన డ్రైవరు లేకున్న ఆపువారుండరు. ఏటవాలున నిలిపిన బండికి ఈ ముప్పు రెండింతలు. కావున ఎంతటి తొందరయున్నను మొదట గేరును న్యూట్రలునకు తెచ్చి, హ్యాండుబ్రేకు లాగి, చక్రములకు రాళ్లు పెట్టి, పైన మనిషిని కూర్చుండబెట్టిన పిమ్మటనే క్రింద చేయి పెట్టుడు. ఈ నాలుగింటిలో ఏది లోపించినను, ఇంజను చల్లబడువరకు ఆ అరగంట ఆగుడు.